రికర్వ్ పోటీ ఆర్చర్ కెరీర్: 18 మీటర్ల నుంచి 70 మీటర్లకు, ఆ పైకి

తొలిబాణం:
అందరికీ నమస్కారం. 18 మీటర్ల ఇండోర్‌లో 600కి 520–530 వేస్తున్న ఆర్చర్ విషయం అడుగుతున్నాను. వయసు 15, రికర్వ్ (కొసలు ముందుకు వంగిన, ఒలింపిక్స్‌లో వాడే విల్లు), వేళ్ల మీద పడే బరువు 28 పౌండ్లు, 68 అంగుళాల విల్లు. పూర్తిస్థాయి పోటీ కెరీర్ కావాలన్నది ఆలోచన. నాలుగు నెలల్లో 38 పౌండ్లకు పెంచి నేరుగా 70 మీటర్లకు వెళ్లమని సలహా వచ్చింది. ఇది సరైన దారేనా? ఏ దశలో ఎంత స్కోరు ఉండాలి, సామాను ఎప్పుడు మార్చాలి, ఎక్కడ దెబ్బతింటారు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పసుపువలయం:
తొలిబాణం గారూ, ముందు ఒక దిద్దుబాటు. 15 ఏళ్లవాళ్లు అండర్-18లో ఆడతారు. అక్కడ రికర్వ్ దూరం 60 మీటర్లు, 70 కాదు. 70 మీటర్లు అండర్-21 నుంచి మొదలవుతుంది. రెండింటికీ ముఖం (గురి వలయాలున్న కాగితం) 122 సెంటీమీటర్లదే, పది వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లు. కాబట్టి తొందర పడాల్సిన పనే లేదు.

28 నుంచి 38కి నాలుగు నెలల్లో వెళ్తే ఆ పది పౌండ్లను మోయాల్సినది వెన్ను. పెరిగే బరువుకు వెన్ను సిద్ధంగా లేకపోతే భుజం పైకి లేచి ఆ పని తాను చేస్తుంది. లేచిన భుజంతో ఓ ఐదారు వేల బాణాలు వేశాక అదే అలవాటైపోతుంది. దాన్ని మాన్పించడం కొత్తగా నేర్పించడం కన్నా ఎన్నో రెట్లు కష్టం.

నేను పాటించే లెక్క ఇది. ఒక్కో మెట్టుకు 2 పౌండ్లు, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది వారాలు. తర్వాతి మెట్టు ఎక్కే ముందు మూడు పరీక్షలు. లంగరు దగ్గర, అంటే నారిని పూర్తిగా లాగి గడ్డానికి ఆనించిన చోట, 30 సెకన్లు పట్టి ఉంచి, నిమిషం విశ్రాంతి ఇచ్చి, మళ్లీ పట్టడం. ఇలా పదిసార్లు చేసినా విల్లు చేయి వణకకూడదు. రోజు చివరి 30 బాణాల్లో క్లిక్కర్ (బాణం సరైన పొడవుకు లాగగానే టిక్ మనే పలక) పడే సమయం మొదటి 30తో పోలిస్తే పెద్దగా సాగకూడదు. పక్కనుంచి తీసిన వీడియోలో లాగే మోచేయి చివరి బాణానికి కూడా బాణం గీతలోనే ఉండాలి. మూడింట్లో ఒక్కటి తప్పినా ఆ బరువులోనే ఇంకో నెల ఉండాలి.

ఈ లెక్కన, మధ్యలో పరీక్ష తప్పి ఆగే నెలలతో కలిపి, 28 నుంచి 36కి ఎనిమిది నెలల నుంచి ఏడాది పడుతుంది. 32–34 పౌండ్లతో, తేలికపాటి కార్బన్ బాణాలతో 60 మీటర్లకు సైట్ (గురి చూసే పరికరం) బాగానే అందుతుంది.

గాలివాటం:
పసుపువలయం గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ బరువును మరీ వాయిదా వేయడం కూడా మంచిది కాదు. 70 మీటర్ల దగ్గర గాలి అసలు ప్రత్యర్థి. సెకనుకు సుమారు 60 మీటర్ల వేగంతో వెళ్లే బాణం లక్ష్యం చేరడానికి 1.2 సెకన్ల దాకా పడుతుంది. 34 పౌండ్ల విల్లుతో ఇంకా ఎక్కువ. ఆ సమయమంతా పక్కగాలి బాణాన్ని తోస్తూనే ఉంటుంది. అందుకే సీనియర్ స్థాయి పురుషులు ఎక్కువమంది 44–50 పౌండ్లు, మహిళలు 38–44 పౌండ్ల మధ్య లాగుతారు.

గాలిలో ఇద్దరు ఆర్చర్లకు ఒకే నైపుణ్యం ఉంటే సన్నటి, బరువైన, వేగంగా వెళ్లే బాణం ఉన్నవాళ్లదే పైచేయి. ఇండోర్‌కు వాడే లావు బాణాలను (నిబంధన ప్రకారం షాఫ్ట్, అంటే బాణం కడ్డీ, 9.3 మిల్లీమీటర్లు దాటకూడదు) బయట గాలిలో వేసి చూడండి, తేడా తెలుస్తుంది.

పసుపువలయం:
గాలివాటం గారూ, అది సీనియర్ల మాట. 34 పౌండ్లను నిలకడగా పట్టే ఆర్చర్, 42 పౌండ్లతో వణికే ఆర్చర్‌ను గాలిలో కూడా ఓడిస్తారు. గాలి బాణాన్ని ఒక వలయం జరిపితే, వణికే చేయి రెండు వలయాలు జరుపుతుంది. పైగా గాలి ఎటు వీస్తోందో జెండా చెబుతుంది. చేయి ఎటు వణుకుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

నారికట్టు:
సామాను గురించి నేను చెబుతాను. మొదట ఒక అపార్థం తొలగాలి. లింబ్ (విల్లుకు పైనా కిందా ఉండే వంగే బద్ద) మీద రాసి ఉన్న బరువు వేళ్ల మీద బరువు కాదు. ఆ అంకె 25 అంగుళాల రైజర్ (చేత్తో పట్టుకునే మధ్య భాగం) మీద, 28 అంగుళాల ప్రామాణిక డ్రా (నారిని లాగే పొడవు) దగ్గర కొలిచింది. 28 అంగుళాలంటే నాక్ (నారికి పట్టే బాణం వెనక గాడి) నుంచి గ్రిప్ లోతు బిందువు దాకా 26.25 అంగుళాలు, దానికి 1.75 కలుపుతారు. డ్రా ఒక అంగుళం పెరిగితే సుమారు 2 పౌండ్లు పెరుగుతుంది, తగ్గితే అంతే తగ్గుతుంది. అవే లింబ్స్‌ను 23 అంగుళాల రైజర్‌కు బిగిస్తే మరో 2 పౌండ్ల దాకా పెరుగుతుంది. అందుకే విల్లు తూచే త్రాసుతో, క్లిక్కర్ పడే చోట ఆపి కొలవాలి. అదే అసలు బరువు.

2 పౌండ్ల మెట్ల కోసం ప్రతిసారీ కొత్త లింబ్స్ కొనక్కర్లేదు. లింబ్ బోల్టులతో దాదాపు పది శాతం సర్దుకోవచ్చు. 34 పౌండ్ల లింబ్స్‌ను బోల్టులు వదులు చేసి 32 దగ్గర మొదలుపెట్టి, నెలల మీద బిగించుకుంటూ రావచ్చు. తయారీదారు చెప్పిన హద్దు దాటి వదులు చేస్తే లింబ్ ఊడి వచ్చే ప్రమాదం ఉంది, అది మాత్రం చేయకండి. పైనా కిందా బోల్టులను సమానంగా తిప్పాలి. తిప్పిన ప్రతిసారీ టిల్లర్ (నారి నుంచి పై, కింది లింబ్‌ల మొదళ్లకు ఉన్న దూరాల తేడా), బ్రేస్ హైట్ (గ్రిప్‌కూ నారికీ మధ్య దూరం), నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే గుర్తు) మూడూ మళ్లీ కొలవాలి. చాలామంది ఇక్కడే మర్చిపోయి, రెండు వారాల తర్వాత గ్రూపు ఎందుకు విడిపోయిందని తల పట్టుకుంటారు.

68 అంగుళాల విల్లుకు బ్రేస్ హైట్ 21.5–23 సెంటీమీటర్ల మధ్య మొదలుపెట్టండి. నారికి మెలికలు పెంచితే బ్రేస్ హైట్ పెరుగుతుంది. కొత్త నారి మొదటి రెండు మూడు వందల బాణాల్లో కాస్త సాగి కుదురుకుంటుంది, అప్పటిదాకా ట్యూనింగ్ మొదలుపెట్టొద్దు. టిల్లర్ విషయంలో పై కొలత కింది దానికన్నా 0–6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే చాలు.

తొలిబాణం:
నారికట్టు గారూ, బరువు మారితే బాణాలు కూడా మార్చాలంటారు కదా. ఎప్పుడు మార్చాలో ఎలా తెలుస్తుంది?

నారికట్టు:
మంచి ప్రశ్న, అసలు డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. స్పైన్ అంకె అంటే 28 అంగుళాల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద షాఫ్ట్ ఉంచి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత వంగిందో చెప్పేది. 500 స్పైన్ అంటే అర అంగుళం వంగింది. అంకె తగ్గేకొద్దీ బాణం బిగుతు. చార్టులో సుమారు 5 పౌండ్ల బరువు, ఒక అంగుళం బాణం పొడవు దాదాపు ఒకే ప్రభావం చూపిస్తాయి. కాబట్టి బరువు పెరుగుతుందని తెలిసినప్పుడు బాణాలను ఒక అంగుళం పొడవుగా ఉంచుకోండి. బరువు పెరిగాక కొంచెం కొంచెం కోసుకుంటూ రావచ్చు. పొట్టిగా కోసిన బాణాన్ని ఎవరూ పొడిగించలేరు. క్లిక్కర్‌కు పొడిగింపు పలక దొరుకుతుంది, పొడవు బాణంతో అది వాడుకోండి.

తేల్చేది బేర్ షాఫ్ట్ పరీక్ష. రెక్కలున్న బాణాలు మూడు నాలుగు, రెక్కల్లేనివి రెండు. మొదట 18 మీటర్లు, తర్వాత 30. కుడిచేత్తో లాగేవాళ్లకు రెక్కల్లేనిది గ్రూపుకు ఎడమన పడితే బాణం బిగుతు, కుడిన పడితే మెత్తన. ఎడమచేతివాళ్లకు తిరగేసుకోండి. పైన పడితే నాకింగ్ పాయింట్ కిందికి ఉన్నట్టు, దాన్ని అర మిల్లీమీటర్ చొప్పున పైకి జరపాలి. కింద పడితే కిందికి. నిలువు సర్దాకే అడ్డం సర్దాలి. వరుస తప్పితే ఒకదాని తప్పు ఇంకోదాని మీద పడుతుంది.

మెత్తన చూపిస్తే ప్లంజర్ (బాణం పక్కన ఆనే స్ప్రింగ్ మీట) స్ప్రింగ్ బిగించండి, చాలకపోతే తేలిక పాయింట్ (బాణం ములుకు) పెట్టండి లేదా పావు అంగుళం కోయండి. బిగుతు చూపిస్తే స్ప్రింగ్ వదులు చేయండి, బరువైన పాయింట్ పెట్టండి. బరువును 100, 110, 120 గ్రెయిన్లుగా విరిచి వాడుకునే పాయింట్లు దీనికోసమే. ఇవన్నీ చేసినా గ్రూపులోకి రాకపోతే అప్పుడే కొత్త స్పైన్.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఆర్చర్ గ్రూపు 30 మీటర్లలో పళ్లెం అంత ఉంటే బేర్ షాఫ్ట్ పరీక్షకు అర్థం లేదు. పరీక్ష చూపించేది విల్లును కాదు, వదిలిన వేళ్లను.

గాలివాటం:
దీనికి ఒకటి జోడిస్తాను. బాణాలకు అంకెలు వేయండి. ప్రతి బాణం ఎక్కడ పడిందో కాగితం మీద గుర్తు పెట్టండి. పది పన్నెండు ఎండ్ల (ఒక్కో విడతలో వేసే బాణాలు ఒక ఎండ్) తర్వాత ఒకే బాణం పదేపదే గ్రూపు బయట కనిపిస్తే ముందు నాక్ తిప్పి చూడండి, తర్వాత నాక్ మార్చండి. అయినా మారకపోతే దాన్ని పోటీ సెట్టులోంచి తీసేయండి. ఒక డజనులో తొమ్మిది, పది నమ్మకంగా ఉంటే అదే ఎక్కువ.

కార్బన్ షాఫ్ట్‌ను ప్రతి ఎండ్ తర్వాత చెవి దగ్గర మెల్లగా వంచి, తిప్పి వినండి. చిట్లిన శబ్దం వస్తే అది చెత్తబుట్టలోకే. పగిలిన కార్బన్ బాణం వదిలినప్పుడు ముక్కలై చేతిలో దిగగలదు.

ఎర్రజెండా:
పోటీల వైపు నుంచి కొన్ని విషయాలు, ఎందుకంటే శిక్షణ బాగా ఉన్నవాళ్లు కూడా ఇక్కడ పాయింట్లు పోగొట్టుకుంటారు.

ర్యాంకింగ్ రౌండ్ 72 బాణాలు, గరిష్ఠం 720. ఆ స్కోరును బట్టే ఎలిమినేషన్ జోడీలు కుదురుతాయి, పై ర్యాంకు వాళ్లకు కింది ర్యాంకు వాళ్లు. వ్యక్తిగత రికర్వ్ మ్యాచ్‌లో ఒక్కో సెట్‌కు 3 బాణాలు. సెట్ గెలిస్తే 2 పాయింట్లు, సమానమైతే చెరొకటి, ముందుగా 6 చేరినవాళ్లు గెలుస్తారు. 5–5 అయితే ఒక్క బాణం షూట్-ఆఫ్. 2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల ఫైనల్ అలాగే తేలింది. కొరియా ఆర్చర్ కిమ్ వూజిన్, అమెరికా ఆర్చర్ బ్రేడీ ఎలిసన్ ఇద్దరూ పదే వేశారు. కేంద్రానికి 4.9 మిల్లీమీటర్లు దగ్గరగా పడ్డందుకు స్వర్ణం కిమ్‌ది.

బాణం గీతను తాకితే ఎక్కువ విలువే వస్తుంది, కానీ విలువ రాసేదాకా బాణాన్నీ ముఖాన్నీ ముట్టుకోకూడదు. అనుమానం ఉంటే లాగకముందే జడ్జిని పిలవండి. లాగాక ఎవరూ ఏమీ చేయలేరు. ప్రతి షాఫ్ట్ మీద పేరో, పేరు పొడి అక్షరాలో ఉండాలి. ఎండ్‌లో అన్ని బాణాలకూ ఒకే రంగు, ఒకే రకం రెక్కలు, నాక్‌లు ఉండాలి. సమయం దాటాక వదిలితే ఆ ఎండ్‌లో అత్యధిక విలువ ఉన్న బాణం పోతుంది. పొరపాటున జారిన బాణంలో ఏ భాగమైనా షూటింగ్ గీతకూ 3 మీటర్ల గీతకూ మధ్య ఉంటే అది వేయనట్టే లెక్క, కంగారు పడకుండా ఇంకోటి వేసుకోవచ్చు. స్కోరు కార్డు మీద సంతకం పెట్టేముందు మొత్తం మీరే కూడండి. రెండు కార్డుల మొత్తాలు కలవకపోతే తక్కువదే లెక్కలోకి వస్తుంది.

మ్యాచ్‌లో నారి తెగినా, ట్యాబ్ (వేళ్లకు రక్షణగా పెట్టుకునే తోలు ముక్క) పోయినా అదనపు సమయం ఉండదు. అందుకే సైట్, నాకింగ్ పాయింట్ అన్నీ సరిచేసిన రెండో విల్లు గీత వెనకే సిద్ధంగా ఉండాలి.

పసుపువలయం:
స్కోర్ల ప్రశ్నకు వద్దాం. 72 బాణాలంటే మూడేసి బాణాల లెక్కన 24 సెట్లు. అంటే సెట్‌కు 27 చొప్పున వేస్తే 648, 28 అయితే 672, 29 అయితే 696. ఈ మూడు అంకెలు గోడ మీద రాసుకోవచ్చు. రియోలో 2016లో కిమ్ వూజిన్ 700 వేశాడు, 2019లో లిమాలో ఎలిసన్ 702. మహిళల్లో లిమ్ సి-హ్యాన్ పారిస్‌లో 694.

నా అంచనాలో, 70 మీటర్ల దగ్గర 600 దాటాక పెద్ద పోటీల్లో ఆడటం మొదలుపెట్టాలి. 630 దాటితే మ్యాచ్‌లు గెలవడం నేర్చుకునే దశ. 650 నిలకడగా వచ్చాకే అంతర్జాతీయ స్థాయి గురించి మాట్లాడుకోవాలి. నిలకడ అంటే అత్యుత్తమ స్కోరు కాదు. గత పది అధికారిక రౌండ్ల సగటు, అందులో అతి తక్కువ స్కోరు. ఒకసారి 660 వేసి మిగతావి 625 వేసేవాళ్ల కన్నా, ఎప్పుడూ 640–648 వేసేవాళ్లు ముందుకు వెళ్తారు.

18 మీటర్లలో 530 అంటే సగటు 8.83. అక్కడ పది వలయం 4 సెంటీమీటర్లే కాబట్టి అది తక్కువేమీ కాదు. 60 మీటర్లకు మారాక మొదటి రెండు మూడు నెలలు స్కోరు నిరుత్సాహపరుస్తుంది. అప్పుడు ముఖం చూడకుండా గ్రూపు పరిమాణం మాత్రమే కొలవండి.

తొలిబాణం:
రోజుకు ఎన్ని బాణాలు? కొరియా వాళ్లు వందల్లో వేస్తారని వింటాం.

భుజబలం:
వేస్తారు, కానీ చిన్నప్పటి నుంచి మెట్టు మెట్టుగా కట్టిన భుజాలవి. ఆ వ్యవస్థ ఫలితం కళ్లముందే ఉంది. 1988 నుంచి 2024 దాకా మహిళల జట్టు స్వర్ణం వరుసగా పదిసార్లు వాళ్లదే. అంకె ఒక్కటీ తీసుకుని మిగతాది వదిలేస్తే గాయాలే మిగులుతాయి.

15 ఏళ్ల వయసులో వారానికి ఐదు రోజులు, రోజుకు 120–150 బాణాలు చాలు. అందులో 30–40 దగ్గరి నుంచి ముఖం లేని బేల్ (బాణాలు దిగే దిమ్మ) మీద. బాణాల సంఖ్య, బరువు రెండూ ఒకే నెలలో పెంచకండి. బరువు 2 పౌండ్లు పెంచిన వారం బాణాలను మూడో వంతు తగ్గించండి.

ముందుగా దెబ్బతినేది లాగే భుజంలో పైన ఉండే స్నాయువు. చేయి పక్కకు ఎత్తినప్పుడు ఒకచోట మాత్రమే నొప్పి, ఆ పక్కకు తిరిగి పడుకుంటే రాత్రి నొప్పి ఉంటే అది అలసట కాదు, విల్లు పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవాలి. వేళ్ల తిమ్మిరి కూడా చిన్న విషయం కాదు. ట్యాబ్ పలచబడిందా, నారి మొదటి కీలు దగ్గర కాకుండా వేలి కొసల మీద ఉందా చూడాలి. కొసల మీద పట్టినప్పుడు నారి నాడిని నొక్కుతుంది, పైగా వదలడం కూడా చెడుతుంది.

వారానికి మూడుసార్లు రబ్బరు పట్టీతో భుజాన్ని బయటికి తిప్పే వ్యాయామం, రోయింగ్, భుజపు ఎముకను కిందికీ వెనక్కీ లాగే పని చేయించండి. తేలిక విల్లుతో రెండో వైపు కూడా కొన్నిసార్లు లాగించండి, బాణం లేకుండా, వదలకుండా. బాణం లేకుండా నారి వదిలితే లింబ్స్ చిట్లుతాయి.

మందుల విషయం ఇప్పటి నుంచే తెలుసుకోవాలి. ఆర్చరీలో బీటా బ్లాకర్లు పోటీ సమయంలోనే కాదు, పోటీ లేనప్పుడు కూడా నిషేధం, ఎందుకంటే అవి గుండె వేగాన్ని తగ్గించి చేతి వణుకును ఆపుతాయి. భుజం నొప్పికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పోటీ సమయంలో నిషేధం. ఒంట్లోంచి పోవడానికి పట్టే రోజులు మందును బట్టి మారతాయి కాబట్టి సూది వేయించుకునే ముందే వైద్యుడికి పోటీ తేదీ చెప్పాలి. పరీక్షల జాబితాలోకి ఎక్కిన ఆర్చర్ రోజూ ఒక గంటపాటు ఎక్కడుంటారో ముందే తెలియజేయాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అది కూడా ఉల్లంఘనే.

కేమ్‌చక్రం:
రికర్వ్ ఒక్కటే దారి అనుకోకండి. కాంపౌండ్‌లో (కొసల్లో చక్రాలుండే విల్లు) గరిష్ఠ బరువు 60 పౌండ్లు, అయితే పూర్తిగా లాగాక అందులో 65–80 శాతం తగ్గిపోతుంది, కాబట్టి గురి దగ్గర భుజానికి ఊరట. దూరం 50 మీటర్లు, 80 సెంటీమీటర్ల ముఖం. మ్యాచ్‌లో సెట్లు ఉండవు, 15 బాణాల మొత్తమే, 150కి. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా చేర్చారు.

కానీ ఒక్క తొమ్మిది మ్యాచ్ పోగొట్టే ఆట అది. వ్యక్తిగత ఒలింపిక్ పతకమే లక్ష్యమైతే మాత్రం ఇప్పటికి రికర్వే.

గాలివాటం:
మ్యాచ్ సాధన గురించి ఎవరూ చెప్పలేదు. ఒకరి తర్వాత ఒకరు వేసే మ్యాచ్‌లలో బాణానికి 20 సెకన్లు. విల్లు ఎత్తడం ఐదో సెకను లోపు, వదలడం పన్నెండు పదమూడు లోపు అలవాటు చేయించండి. 14 దాటాక దించేస్తే మళ్లీ ఎత్తి ప్రశాంతంగా వేసే సమయం ఉండదు, అప్పుడు క్లిక్కర్ కింద చేయి కొట్టుకోవడం మొదలవుతుంది. క్లిక్కర్‌ను లంగరు తర్వాత 2–3 మిల్లీమీటర్లు మాత్రమే మిగిలేలా పెట్టాలి. చలిలో, మూడోరోజు అలసటలో డ్రా కుదించుకుపోతుంది, అప్పుడు ఒక మిల్లీమీటర్ ముందుకు జరపడం తప్పేమీ కాదు.

తొలిబాణం:
చివరగా ఒకటి. ఈ కెరీర్ ఎన్నేళ్లు ఉంటుంది? ఇరవై ఐదు దాటితే అయిపోయినట్టేనా?

పసుపువలయం:
కాదండి. జపాన్ ఆర్చర్ యమమోటో హిరోషి 1984 లాస్ ఏంజెలిస్‌లో కాంస్యం, 20 ఏళ్ల తర్వాత 2004 ఏథెన్స్‌లో 41 ఏళ్ల వయసులో రజతం గెలిచాడు. కిమ్ వూజిన్ 2011లో ప్రపంచ ఛాంపియన్, 2024లో ఒలింపిక్ ఛాంపియన్. 50 దాటినవాళ్ల విభాగం కూడా ఉంది, రికర్వ్ అక్కడ మళ్లీ 60 మీటర్లే.

కాబట్టి ఈ ఏడాది 32–34 పౌండ్లు, 60 మీటర్లు. వచ్చే ఏడాది 36, అప్పుడు 70 మీటర్లను వారానికి ఒకరోజు మొదలుపెట్టండి. 38 ఆ తర్వాతి మాట. ఆరు వారాలకోసారి వెనకనుంచి, పక్కనుంచి వీడియో తీసి ఇక్కడ పెట్టండి, మోచేయి గీత చూసి చెబుతాం.

నారికట్టు:
వీడియోతోపాటు క్లిక్కర్ దగ్గర త్రాసు చూపిన బరువు, బాణం పొడవు, పాయింట్ గ్రెయిన్లు, బ్రేస్ హైట్, 30 మీటర్ల బేర్ షాఫ్ట్ ఫొటో కూడా పెట్టండి. ఆ ఐదూ ఉంటే సగం సమస్యలు అక్కడే కనిపిస్తాయి.